అటకెక్కిన కప్పులు

ఓరుగల్లులో ఎవరింటికైనా వెళ్ళండి. హాల్లో టీవీ పక్కనో, పైనో ఒక అద్దాల షోకేసు ఉంటుంది. అందులో పెళ్ళి ఫొటో, ఢిల్లీ వెళ్ళినప్పుడు కొన్న పాలరాతి తాజ్‌మహల్, వాటి మధ్య కాకతీయ కీర్తితోరణం... ఈ మూడూ ఉండి తీరతాయి. తోరణం ఇత్తడిది కావచ్చు, చెక్కది కావచ్చు, ఈ మధ్య ఫైబర్‌వి కూడా వస్తున్నాయి. రిటైర్మెంటుకీ అదే, కవిగారి సన్మానానికీ అదే, ఆటల పోటీల ప్రారంభానికి వచ్చిన ముఖ్య అతిథికీ అదే!

ఖిలా వరంగల్ తూర్పుకోటలో మా చిన్నమ్మ వాళ్ళిల్లు. వాళ్ళ షోకేసులోనూ ఉంది. బాబాయి రిటైరైన నాడు ఆఫీసువాళ్ళు ఇచ్చిన ఇత్తడి తోరణం. తమాషా ఏమిటంటే, గుమ్మం దిగి కాస్త నడిస్తే అసలు తోరణమే కనిపిస్తుంది. సుమారు 30 అడుగుల ఎత్తున, పైన హంసలతో, ఏడు వందల ఏళ్ళకు పైగా ఎండకీ వానకీ నిలబడి ఉంది. దాన్ని చూడ్డానికి మన చిన్నమ్మలూ అత్తమ్మలూ వెళ్ళరు. బొమ్మని మాత్రం పండగ పండగకీ తుడుస్తారు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ షోకేసులో కొత్త సామాను కనిపించింది. ఒక తెల్లటి టోపీ. దాని ముందు చిన్న గుంటలు గుంటలుగా ఉన్న తెల్ల బంతి. పక్కనే మడతపెట్టిన స్కోరు కార్డు, మెడలో వేసుకునే పాసు.

"ఇవెక్కడివిరా?" అన్నాను చిన్నమ్మ కొడుకుతో. హైదరాబాద్‌లో ఉద్యోగం వాడికి.

"గోల్కొండ మాస్టర్స్‌వి అక్కా. గోల్ఫ్ టోర్నమెంట్. మా కంపెనీ వాళ్ళు తీస్కపోయిన్రు."

"నువ్వు ఆడావా?"

"నేనెక్కడ ఆడుత! చూడనీకె పోయిన. ఎండ కొడుతుందని టోపీ ఇచ్చిన్రు. బంతి ఒకాయన ఆడి ఇచ్చిండు."

వంటింట్లో సకినాలు చుడుతున్న చిన్నమ్మ తల తిప్పకుండానే అంది. "చూసొచ్చినోని టోపీ అద్దాలల్ల పెట్టిన్రు. ఉరికి గెల్చినోల్ల కప్పు సజ్జ మీద దుమ్ము పట్టిపోయింది."

నవ్వుతూనే అంది. నాకే ఆ మాట దగ్గర అడుగు ముందుకి పడలేదు.

"ఎవరి కప్పు చిన్నమ్మా?"

"ఇంకెవలది? నాదే బిడ్డా!"

ఈమెని పుట్టినప్పట్నుంచీ ఎరుగుదును. ఈమె చేతి పచ్చిపులుసు ఎరుగుదును. మోకాళ్ళ నొప్పులెరుగుదును. 1978లో, తొమ్మిదో తరగతిలో, జిల్లా స్కూళ్ళ ఆటల పోటీల్లో రెండు వందల మీటర్ల పరుగులో ఫస్టు వచ్చిందని మాత్రం ఆ రోజే తెలిసింది. అదీ గోల్ఫ్ టోపీ పుణ్యమా అని!

టోపీకీ ఒక చరిత్ర ఉంది

మా తమ్ముణ్ణి వెక్కిరించడానికి నాకు మనసు రాలేదు. వాడు తెచ్చుకున్నవి ఉత్త టోపీ, బంతీ కావు. గోల్ఫ్ ఆడేవాళ్ళంత జాగ్రత్తగా తమ ఆట గుర్తులు దాచుకునేవాళ్ళు బహుశా ఇంకెవరూ ఉండరు. వాడికి ఆ గాలి సోకింది, అంతే.

గోల్కొండ మాస్టర్స్ అనేది మన దేశంలో గోల్ఫ్‌నే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు ఆడే పోటీల్లో ఒకటి. గోల్కొండ పక్కనే నయాఖిలా దగ్గర హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ వాళ్ళ మైదానంలో జరుగుతుంది. నయాఖిలా అంటే మొగలుల దాడి తర్వాత అబ్దుల్లా కుతుబ్‌షా గోల్కొండకి అదనంగా కట్టించుకున్న కోట. హతియాన్ చెట్టు అని పిలిచే పెద్ద బావోబాబ్ చెట్టు ఉన్నది అక్కడే. ఇంత పాత కోట దగ్గర గోల్ఫ్ ఏమిటన్న వివాదమూ ఏళ్ళ తరబడి ఉంది. అది వేరే కథ. గోల్కొండకి మొదలు కాకతీయుల నాటి మట్టికోటే అంటారు కాబట్టి, ఓరుగల్లు కోటకీ దానికీ ఏదో చుట్టరికం ఉన్నట్టే లెక్క.

ఇక ఈ ఆటవాళ్ళ దాపరికం సంగతి వినండి.

1860లో స్కాట్లండ్‌లోని ప్రెస్ట్‌విక్‌లో ఎనిమిది మంది మగవాళ్ళు పోటీ పడ్డారు. అదే ఇప్పటి 'ఓపెన్' పోటీకి మొదలు. గెలిచినవాడికి ఇచ్చింది కప్పు కాదు, నడుముకి పెట్టుకునే బెల్టు! ఎర్ర తోలుతో చేసి, వెండి బకిల్ పెట్టారు. వరసగా మూడేళ్ళు గెలిస్తే బెల్టు వాడిదేనని నియమం. టామ్ మోరిస్ అనే కుర్రాడు 1868, 69, 70ల్లో గెలిచి బెల్టు ఇంటికి పట్టుకుపోయాడు. ఇవ్వడానికి బహుమతి లేక 1871లో పోటీయే జరగలేదు! పెళ్ళికి అన్నీ కుదిరి పుస్తెలతాడు లేక ఆగిపోయినట్టన్నమాట. తర్వాత మూడు క్లబ్బులు కలిసి ఒక వెండి జగ్గు చేయించాయి. 1873 నుంచి గెలిచినవాళ్ళ చేతికి అదే ఇస్తున్నారు. ఇప్పుడు ఇచ్చేది నకలు. అసలు జగ్గు సెయింట్ ఆండ్రూస్‌లో భద్రంగా ఉంది. ఆట ముగిసి గెలిచినవాడు వేదిక మీదికి వచ్చేలోపలే చెక్కేవాడు ఆ పక్కన కూర్చుని వాడి పేరు జగ్గు మీద చెక్కేస్తాడు. పేరు లేకుండా బహుమతి చేతికి ఇవ్వరు.

ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. మళ్ళీ అవసరం పడుతుంది.

అమెరికాలో మాస్టర్స్ అని ఇంకో పోటీ. అక్కడ గెలిచినవాళ్ళకి 1949 నుంచి ఆకుపచ్చ కోటు తొడుగుతున్నారు. 1934లో మొట్టమొదటి పోటీ గెలిచిన హార్టన్ స్మిత్‌కీ పాత విజేతగా అలాంటి కోటు ఇచ్చారు. ఆయన పోయాక అది చుట్టాల ఇంట్లో బట్టల బీరువాలో ఎవరికీ పట్టకుండా వేలాడుతూ ఉండిపోయింది. 2013లో వేలం వేస్తే 6 లక్షల 82 వేల డాలర్లు పలికింది! మన ఇళ్ళల్లో అయితే ఆ కోటు ఎప్పుడో స్టీలు సామానులవాడి మూటలోకి వెళ్ళి, దాని బదులు ఒక పెరుగు గిన్నె వచ్చి ఉండేది.

చేపల గంప బహుమతి

మరి ఈ ఆటలో ఆడవాళ్ళకి ఏమిచ్చారు?

ఎడిన్‌బరో దగ్గర మసెల్‌బరో అని ఒక ఊరు. సముద్రం ఒడ్డు. అక్కడి బెస్త స్త్రీలు చేపల గంపలు వీపున వేసుకుని మైళ్ళకి మైళ్ళు నడిచి అమ్ముకొచ్చేవారు. తీరిక దొరికితే గోల్ఫ్ ఆడేవారు. 1810 డిసెంబరులో ఆ ఊరి గోల్ఫ్ క్లబ్బు వాళ్ళు తీర్మానం రాసుకున్నారు. కొత్త సంవత్సరానికి బెస్త స్త్రీల మధ్య పోటీ పెట్టి, బాగా ఆడినామెకి కొత్త చేపల గంప ఒకటి, ఒక శాలువా ఇవ్వాలని, వాటికి తోడు బార్సిలోనా పట్టు రుమాళ్ళివ్వాలని. ఆడవాళ్ళ గోల్ఫ్ పోటీ గురించి మనకి దొరుకుతున్న తొలి రాత అదే.

చూశారా! మగవాడికి వెండి బకిలు బెల్టు. ఆడదానికి చేపల గంప. రేపు పొద్దున్నే అదే గంప వీపున వేసుకుని పనికి పోవాలి. గంప అరిగాక పారేస్తుంది. శాలువా చిరిగితే పసిపిల్ల కింద గుడ్డవుతుంది. ఇక ఆమె గెలిచిందనడానికి గుర్తేది?

దీన్ని చదివి స్కాట్లండ్‌ వాళ్ళని తిట్టుకోవాల్సిన పనిలేదు. మన కాలనీ ముగ్గుల పోటీలో ఫస్టు ప్రైజు ఏమిటి? స్టీలు డబ్బాల సెట్టు. మహిళా దినోత్సవం నాటి కుర్చీలాటలో? కుంకుమ భరిణె, లేదంటే టిఫిన్ క్యారియరు. అదే వీధిలో మగపిల్లల క్రికెట్ పోటీకి మాత్రం మోకాలెత్తు కప్పు! నాన్‌స్టిక్ పెనం వద్దని నేననను. పనికొచ్చే వస్తువే. కానీ దానిమీద ఎవరూ పేరు చెక్కరు. నాలుగేళ్ళకి పూత లేచిపోతే దాంతోపాటు ఆ గెలుపూ పోతుంది.

గోల్ఫ్ క్లబ్బుల వాళ్ళు ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకోవడానికి ఎంత కాలం తీసుకున్నారో తెలుసా? మాస్టర్స్ జరిగే అగస్టా క్లబ్బు 2012లో ఇద్దర్ని చేర్చుకుంది. సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు 2014లో ఓటింగు పెట్టి సరేనంది. మ్యూర్‌ఫీల్డ్ క్లబ్బు ఒకసారి కాదని, మళ్ళీ 2017లో ఔనంది. అలాంటి ఆటలో మన పక్క రాష్ట్రం కర్ణాటక అమ్మాయి అదితి అశోక్ 2016లో 18 ఏళ్ళ వయసుకే ఇండియన్ ఓపెన్ గెలిచి, యూరప్ మహిళల టూరులో టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలైంది. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినప్పుడు ఆమె కర్రల సంచి మోసినది ఎవరనుకున్నారు? వాళ్ళమ్మ! ఎండలో నాలుగు రోజులు ఆ బరువుతో కూతురి వెనకే నడిచింది. పతకం రాలేదు, ఒక్క అడుగులో తప్పింది. ఆ సంచి మోసిన తల్లి ఫొటో ఉందే, అది ఏ పతకానికీ తీసిపోదు.

ఇదంతా చెబుతుంటే చిన్నమ్మ ఒక్క మాటే అడిగింది. "ఆ బెస్తామె పేరేంది?"

ఆ తీర్మానంలో పేర్లు లేవు.

హనుమకొండలో ఆ సాయంత్రం

మా తమ్ముడు గోల్ఫ్ చూడ్డానికి నూటయాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న గోల్కొండ దాకా వెళ్ళాడు గానీ, చిన్నమ్మ వాళ్ళింటి నుంచి ఆటోలో అరగంట దూరంలో జరిగిన పెద్ద ముచ్చట చూడలేదు. వాడేమిటి, మేమెవరమూ చూడలేదు.

2021 సెప్టెంబరు 15 నుంచి 19 దాకా హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. కొత్తగా సింథటిక్ ట్రాక్ వేశారు. కరోనా భయం ఇంకా పూర్తిగా పోలేదు. 16వ తేదీన పదిహేను వందల మీటర్ల పరుగులో హర్మిలన్ బైన్స్ అనే పంజాబ్ అమ్మాయి 4 నిమిషాల 5.39 సెకన్లలో గీత దాటింది. అది జాతీయ రికార్డు! అంతకుముందు 19 ఏళ్ళుగా ఉన్న రికార్డు సునీతా రాణిది. 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో 4 నిమిషాల 6.03 సెకన్లు.

ఇప్పుడు అసలు సంగతి. అదే బుసాన్‌లో ఎనిమిది వందల మీటర్లలో వెండి పతకం గెలిచిన మాధురి ఎవరో కాదు, ఈ హర్మిలన్ తల్లే. తల్లి పరుగెత్తిన క్రీడల్లో, తల్లితోపాటు జట్టులో ఉన్న అమ్మాయి పెట్టిన రికార్డుని 19 ఏళ్ళ తర్వాత కూతురు వచ్చి మన ఓరుగల్లులో దాటింది. తర్వాత 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హర్మిలన్‌కి రెండు వెండి పతకాలొచ్చాయి. వాటిలో ఒకటి అమ్మ గెలిచిన ఆ ఎనిమిది వందల మీటర్లలోనే! ఆ ఇంటి షోకేసులో రెండు వెండి పతకాలు పక్కపక్కన పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సునీతా రాణి పతకాల కథ ఇంకో రకం. బుసాన్‌లో బంగారం ఒకటి, కాంస్యం ఒకటి గెలిచింది. డోపింగ్ పరీక్షలో తప్పిందని రెండూ వెనక్కి తీసుకున్నారు. ఊరంతా, దేశమంతా నోటికొచ్చినట్టు మాట్లాడింది. ఆ పరీక్ష జరిగిన తీరులోనే లోపాలున్నాయని తర్వాత తేలింది. 2003లో పతకాలు తిరిగి ఆమెకే ఇచ్చారు. మెడలోంచి తీసేసిన పతకం మళ్ళీ చేతికి వచ్చినప్పుడు దాని బరువెంత ఉంటుందో ఆమెకే తెలియాలి. అలాంటి పతకాన్ని అటక మీద పెట్టడానికి మనసొప్పుతుందా!

హర్మిలన్ రికార్డు కూడా ఇప్పుడు లేదు. 2024 మేలో కె.ఎం. దీక్ష అమెరికాలో 4 నిమిషాల 4.78 సెకన్లలో పరుగెత్తి దాన్ని చెరిపేసింది. రికార్డులు అందుకే పుడతాయి. కానీ రెండున్నర ఏళ్ళు దేశంలో ఆడపిల్లల పదిహేను వందల మీటర్ల పరుగు పక్కన ఊరి పేరు రాయాల్సి వస్తే 'వరంగల్' అని రాశారు. మన ఊళ్ళో ఎంతమందికి తెలుసు ఆ సంగతి?

రేకు మీద కోట

మన ఊరి గుర్తు అంటే ఏ పోటీకైనా తోరణమే అని మొదట్లో అన్నాను కదా. దాని వెనక ఉన్న చేతుల గురించి ఒక మాట. జనగామ దగ్గర పెంబర్తి తెలియనివాళ్ళుండరు. హైదరాబాద్ రోడ్డు మీద పోతుంటే కనిపిస్తుంది. కాకతీయుల కాలంలో దేవుడి విగ్రహాలకీ రథాలకీ రేకు తొడుగులు చేసిన పని అది. నిజాముల కాలంలో పాందాన్లు, అత్తరు పెట్టెలు చేశారు. ఇప్పుడు షీల్డులు, మెమెంటోలు. ఇత్తడి రేకుని లక్క మీద పరిచి, చిన్న సుత్తెతో, ఉలితో ఒక్కో దెబ్బా వేస్తూ హంసని, తీగని పైకి లేపుతారు. జి.ఐ. గుర్తింపు కూడా ఉన్న పని ఇది. అచ్చు పోసిన ఫైబర్ తోరణానికీ దీనికీ తేడా తెలియాలంటే వెనక్కి తిప్పి చూడండి. రేకు పని అయితే వెనకా దెబ్బల గుర్తులుంటాయి.

మరొకటి. ఆ తోరణాలు నాలుగూ ఒక గుడికి నాలుగు దిక్కులా నిలబెట్టిన ద్వారాలు. మధ్యలో ఉండాల్సిన స్వయంభూ శివాలయం ఇప్పుడు విరిగిన రాళ్ళ కుప్ప. గుడి పోయింది, వాకిళ్ళు మిగిలాయి. ఆ వాకిలి బొమ్మే 2014లో తెలంగాణ రాజముద్రలోకీ ఎక్కింది. గణపతిదేవుడు మొదలుపెట్టిన ఈ రాతికోటని పూర్తి చేయించింది రుద్రమదేవి. 1262 నుంచి 1289 దాకా ఏలిన రాణి. తండ్రి ఆమెను రుద్రదేవుడని మగపేరు పెట్టి సింహాసనం ఎక్కించాల్సి వచ్చింది. శాసనాల్లోనూ ఆ మగపేరుతోనే చెక్కారు. పేరు చెక్కించుకోవడం అంత తేలిక కాదని ఆ రోజుల్లోనే తెలిసిపోతోంది.

కల్లెడలో ఇద్దరు

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలో కల్లెడ అని ఒక ఊరు. అక్కడి బడిలో విలువిద్య నేర్చుకున్న వర్ధినేని ప్రణీత 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కి వెళ్ళింది. డోలా బెనర్జీ, బొంబాయిలా దేవిలతో కలిసి భారత జట్టులో బాణం వేసింది. ఒక పల్లెటూరికి ఆ మాత్రం చాలు, తరాలపాటు చెప్పుకోవచ్చు.

అదే కల్లెడ నుంచి జీవాంజి దీప్తి వచ్చింది. మేధోపరమైన లోపంతో పుట్టిన పిల్ల. తల్లిదండ్రులు కూలిపని చేసుకునేవాళ్ళు. పిల్లని చూసి ఊళ్ళో కొందరు ఏమేమి మాటలన్నారో, ఎక్కడైనా వదిలేసి రమ్మన్నవాళ్ళూ ఉన్నారని ఆ తల్లే పత్రికలకి చెప్పుకుంది. కోచ్ నాగపురి రమేష్ దగ్గర ఆమె పరుగు పదునెక్కింది. 2023 హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో నాలుగు వందల మీటర్లలో బంగారం. 2024 మేలో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా పోటీల్లో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు. 2024 సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం. ఆ మరుసటి జనవరిలో అర్జున అవార్డు. మాటలన్న నోళ్ళే ఊరేగింపులో ముందు నడిచి ఉంటాయి. అది లోకం తీరు.

ఈ కథలో నన్ను కదిలించింది పతకం కాదు. ఇంట్లో కష్టం వచ్చినప్పుడు ఆ తల్లిదండ్రులు ఉన్న కొద్దిపాటి భూమీ అమ్ముకున్నారు. కూతురు ఆసియా బంగారం గెలిచి తెచ్చిన బహుమతి డబ్బుతో మళ్ళీ భూమి కొనుక్కున్నారు. చేపల గంపకీ దీనికీ మధ్య రెండు వందల ఏళ్ళ దూరం ఉంది. ఈ బహుమతిని షోకేసులో పెట్టలేరు. రోజూ దాని గట్టు మీద నడవొచ్చు.

సారెలో రానివి

మనలో ఎందరి కప్పులు, సర్టిఫికెట్లు పుట్టింటి అటకల మీద ఉన్నాయో ఒకసారి ఆలోచించండి. పెళ్ళిలో సారెతో మంచం వస్తుంది, బీరువా వస్తుంది, కుక్కర్ వస్తుంది. కబడ్డీ కప్పు రాదు. "అక్కడ వాళ్ళేమనుకుంటారో" అని ఒక సంకోచం. ఇక్కడేమో "ఎలాగూ వెళ్ళిపోయింది కదా" అని అన్నావదినలు గది ఖాళీ చేసేటప్పుడు మూట కడతారు. నా మటుకు నాకు ఇంటర్‌లో వ్యాసరచన పోటీలో వచ్చిన షీల్డు అలాగే పోయింది. ఎవరినీ తప్పుపట్టను. నేనే అడగలేదు.

ఇప్పుడు అడగండి. ఈ వేసవి సెలవులకి పుట్టింటికి వెళ్ళినప్పుడు అటక దింపించండి. దింపాక చింతపండు పట్టుకుని తోమడానికి కూర్చోకండి! పాత కప్పుల్లో చాలావాటికి పైన ఉండేది పలచటి పూత. చింతపండు, బూడిద, పీచు తగిలితే మెరుపుతోపాటు పూతా, పూతతోపాటు అక్షరాలూ పోతాయి. మెత్తని పొడి గుడ్డ, మరీ మురికిగా ఉంటే కొద్దిగా సబ్బునీళ్ళు చాలు, వెంటనే తడి లేకుండా తుడవాలి. సర్టిఫికెట్లని వీధి చివర జిరాక్సు షాపులో లామినేషన్ చేయించేస్తుంటాం. ఒకసారి వేడి మీద అతికిస్తే మళ్ళీ ఊడదీయడం కుదరదు, లోపల తేమ చేరితే కాగితం పాడైనా ఏమీ చేయలేం. దానికంటే ప్లాస్టిక్ కవర్ల ఫైలులో విడివిడిగా పెట్టుకోవడం నయం. పేపరు కటింగులు ఏళ్ళు గడిస్తే పసుపెక్కి పొడుం అవుతాయి కాబట్టి వాటిని మాత్రం జిరాక్సు తీయించండి, ఫోనులో ఫొటో తీసి పిల్లలకీ పంపండి.

అన్నిటికంటే ముఖ్యం, కప్పు కింద ఒక చీటీ అతికించండి. ఎవరు, ఏ ఆట, ఏ సంవత్సరం, ఏ ఊరు. స్కూళ్ళవాళ్ళు చాలాచోట్ల పేరు చెక్కించరు. 'ప్రథమ బహుమతి' అని మాత్రం ఉంటుంది. ఎవరికి ప్రథమ? ఆ వెండి జగ్గు సంగతి గుర్తుందా? పేరు చెక్కనిదే చేతికివ్వరు.

సజ్జ దించితే...

పండగ మర్నాడు మా తమ్ముడు స్టూలు వేసుకుని సజ్జ ఎక్కాడు. ఒక కంచు బిందె, పాత ఊయల కర్రలు, నా చిన్నప్పటి మూడు చక్రాల సైకిలు (ఇది ఇక్కడికెలా వచ్చిందో!) దిగాయి. చివరికి పాత చీర ముక్కలో కట్టిన మూట. విప్పితే జానెడు కప్పు. రెండు చెవుల్లో ఒకటి లేదు. పైపూత ఎక్కడికక్కడ లేచి లోపలి రంగు కనిపిస్తోంది. దాన్నిండా గుండీలు. చొక్కా గుండీలు, జాకెట్టు హుక్కులు, సేఫ్టీ పిన్నులు.

"సర్టిఫికెట్ ఏది చిన్నమ్మా?"

"అది చెదలు తిన్నయి ఎన్నడో."

తమ్ముడి కూతురు, ఏడేళ్ళ పిల్ల, కప్పు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "నానమ్మా, నీ పేరు లేదేంది?"

"రాయలేదు బిడ్డా. మస్తు మంది ఉండిరి. వాళ్ళకేడ తీరిక?"

"మరి నువ్వే గెల్చినవని ఎట్ల తెలుస్తది?"

చిన్నమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చింది. ఆ రోజు కాళ్ళకి చెప్పుల్లేవు. లంగా ఎగ్గట్టి ఉరికింది. పక్క లైనులో పిల్ల చివరిదాకా వెంటే వచ్చింది. కప్పు పట్టుకుని బస్సు దిగి కోట దర్వాజాలోంచి లోపలికి వస్తుంటే చీకటి పడింది. నాన్న తిడతాడని భయపడింది. ఆయన తిట్టలేదు, కప్పులో నీళ్ళు పోసుకుని తాగాడు. అంతే, ఇంకేమీ అనలేదు.

ఆ పిల్ల తన స్కెచ్ పెన్ను తెచ్చి ఒక చీటీ మీద నానమ్మ పేరు, 1978, 200 మీటర్లు అని రాసింది. 'మీటర్లు'లో ఒత్తు తప్పు పోయింది. ఎవరూ దిద్దలేదు. తమ్ముడు షోకేసు తలుపు తీసి తన టోపీ తీయబోయాడు.

"తీయకురా, ఇష్టపడి తెచ్చుకున్నవు. జర పక్కకు జరుపు" అంది చిన్నమ్మ.

టోపీ జరిగింది, తోరణం జరిగింది, కప్పు మధ్యలోకి వచ్చింది. గుండీలు మాత్రం మళ్ళీ అందులోనే పోసింది. వేరే డబ్బా ఎక్కడుందని!